గెలవాల్సిన ఆటే! (ఓడిన చదరంగాన్ని తిరగేసుకునే పద్ధతులు)

చదరంగంలో ఓడిపోవడానికి ఎవరి సలహా అక్కర్లేదు, ఆ విద్య మనకు పుట్టుకతోనే వచ్చింది. ఓడాక ఏం చెయ్యాలో చెప్పే నాథుడే లేడు. ఈ లోటు ఎప్పటినుంచో ఉన్నదే గానీ ఈమధ్య మరీ ముదిరింది. హైదరాబాద్‌లో మా బోరబండలో కూడా కొందరు ఆట అయిపోగానే పావులు సంచిలో వేసుకుని ఇంటికి పోవడం మానేసి, మళ్ళీ మొదటి ఎత్తు నుంచి పేర్చుకుంటూ కూర్చుంటున్నారు. ఎక్కడ పోయిందో చూసుకుంటారట! చూసుకుంటే ఏం కనిపిస్తుంది? తప్పు కనిపిస్తుంది. ఎవరిది? మనదే. సెలవు రోజున, సొంత డబ్బుతో చాయ్ తాగుతూ తెలుసుకోవాల్సిన సంగతేనా ఇది?

దీనికంతటికీ కారణం మన తెలుగు గ్రాండ్‌మాస్టర్లు. గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లో 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, 2004లో ప్రపంచ జూనియర్ టైటిల్ పట్టుకొచ్చాడు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో అదే వయసుకి ఆ హోదా అందుకుని, 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. ద్రోణవల్లి హారిక 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్ నుంచి బంగారంతో తిరిగొచ్చింది. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరు రేటింగు జాబితాలో 2801 దగ్గర కనిపించాడు. ఆనంద్ తర్వాత 2800 గీత దాటిన రెండో భారతీయుడు. వీళ్ళని చూసి మనవాళ్ళకి కూడా ఓడిన ఆటను విప్పి చూసుకోవాలన్న బుద్ధి పుట్టింది.

వాళ్ళకది వృత్తి. మనమెవరం? మోతీనగర్‌లో అద్దెకుండి హైటెక్ సిటీలో టెస్టింగ్ చేసేవాళ్ళం. అక్కడి టవర్ల గేట్ల దగ్గర నైట్ డ్యూటీ చేసి పొద్దున్నే తిరిగొచ్చేవాళ్ళం. సనత్‌నగర్ షెడ్లలో రిటైరై మనవల బ్యాగులు మోసేవాళ్ళం. చుట్టచుట్టే షీటు మీద ప్లాస్టిక్ పావులతో, పోయిన బంటు బదులు కూల్‌డ్రింక్ మూత పెట్టి ఆడేవాళ్ళం. మనకు కావాల్సింది మనశ్శాంతి. కాబట్టి, తిరగేసి చూసుకోక తప్పని పరిస్థితే వస్తే, ఏమీ తెలియకుండా ఎలా చూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, ఎత్తులు రాయకండి. పెద్ద టోర్నీల్లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే నియమం ప్రకారం ఇద్దరూ ప్రతి ఎత్తునూ స్కోర్‌షీట్ మీద రాయాల్సిందే. ఎత్తుకు 30 సెకన్లు కలిసే పద్ధతి లేని ఆటలో, మీ గడియారం 5 నిమిషాల కంటే కిందికి దిగితే రాయడం మానెయ్యవచ్చని ఒక వెసులుబాటు ఉంది. దాన్ని జీవితాంతానికి వర్తింపజేసుకోండి. రాసిన ఆట మొండిది. పన్నెండో ఎత్తులో ఏనుగును ఊరికే ఇచ్చారని రాసి ఉంటే, ఏడాది తర్వాత తీసి చూసినా ఊరికే ఇచ్చినట్టే ఉంటుంది. రాయని ఆట అలా కాదు. సాయంత్రానికి అది ఏనుగు బలిదానం అవుతుంది. వారం తిరిగేసరికి మూడెత్తుల్లో మేట్ ఉండేదని తేలుతుంది. దసరా నాటికి అవతలివాడే బతిమాలి డ్రా అడిగాడని అందరికీ గుర్తుంటుంది, వాడికి తప్ప.

మరీ తప్పక రాయాల్సి వస్తే ఎత్తులు మాత్రమే రాయండి. ఎత్తు పక్కన గడియారంలో ఎంత మిగిలిందో రాసే మనుషులు కొందరుంటారు, వాళ్ళతో స్నేహం మంచిది కాదు. ఆ అంకెల వరస చూస్తే మనిషి గుట్టంతా బయటపడుతుంది. పుస్తకంలో ఉన్న అయిదో ఎత్తుకి ఆరు నిమిషాలు ఆలోచించాడనీ, మంత్రి పోయే ఎత్తుని నాలుగు సెకన్లలో ఆడేశాడనీ తెలిసిపోతుంది. ఆ తర్వాత "టైమ్ లేక ఓడిన" అనే మాట నోటికి రాదు. బోరబండలో సగం ఆటలు ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాయి, దాన్ని పోగొట్టుకోకూడదు.

ఇక ఇంజిన్, అంటే ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏమీ నేర్చుకోకుండా ఉండటానికి ఇంతకంటే గొప్ప సాధనాన్ని మనిషి ఇంతవరకూ కనిపెట్టలేదు. స్టాక్‌ఫిష్ ఉచితం. ఫోన్‌లోనే ప్రపంచ ఛాంపియన్ కంటే బలంగా ఆడుతుంది. ఆట ముగిసిన మరుక్షణం, చేతి చెమట ఆరకముందే, దాన్ని తెరవండి. ఆలస్యం చేస్తే ప్రమాదం. మధ్యలో రెండు నిమిషాలు ఖాళీ దొరికితే చాలు, "అసలు నేనక్కడ ఏం అనుకున్నాను?" అన్న ప్రశ్న పురుగులా దూరుతుంది. ఇంజిన్‌కి తెలియని సంగతి అదొక్కటే. మీరు ఏ ఎత్తు ఆడారో దానికి తెలుసు, ఏం ఆడాల్సిందో తెలుసు. మీ బుర్రలో ఆ సమయాన ఏ భయం ఉందో, ఏ ఆశ ఉందో, అవతలివాడి ఏ ఎత్తుని అసలు లెక్కలోకే తీసుకోలేదో దానికి తెలిసే దారి లేదు. అది రాసిపెట్టుకోవాల్సింది మీరే, అదీ ఇంజిన్ తెరవకముందే. అందుకే ముందు ఇంజిన్ తెరవమంటున్నాను.

ఒక ఆట చెబుతాను, పద్ధతి అర్థమవుతుంది. బోరబండ సైట్-3లో జరిగిందనుకోండి, నిజానికి ఇది ప్రపంచంలో ప్రతి పేటలోనూ రోజూ జరుగుతుంది. ఇద్దరూ రాజు ముందున్న బంట్లను రెండేసి గళ్ళు తోశారు. తెల్లవాడు గుర్రాన్ని ఎఫ్3కి తెచ్చాడు, నల్లవాడు గుర్రాన్ని సి6కి. తెల్ల శకటు సి4కి వచ్చింది. నల్లవాడి రెండో గుర్రం ఎఫ్6కి. ఇటాలియన్ ఓపెనింగ్‌లో ఇదొక దారి. నాలుగో ఎత్తులో తెల్లగుర్రం ఎగిరి జి5లో కూర్చుంది. నల్లవాడు డి5కి బంటును తోశాడు, మంచిదే, అదే ఆడాలి. తెల్లవాడు బంటుతో బంటును కొట్టాడు. నల్లవాడు గుర్రంతో ఆ బంటును కొట్టాడు.

అప్పుడు తెల్లగుర్రం ఎఫ్7లో పడింది. మంత్రినీ, ఏనుగునూ ఒకేసారి పట్టింది. రాజు దాన్ని కొట్టక తప్పలేదు. తెల్లమంత్రి ఎఫ్3కి వచ్చి చెక్ చెప్పింది. ఇప్పుడు నల్లరాజు ఇ6కి వెళ్ళి, నడివీధిలో నిలబడైనా సరే డి5లో ఉన్న తన గుర్రాన్ని కాసుకోవాలి. చూడటానికి భయంగా ఉంటుంది గానీ ఆట ఇంకా మిగిలే ఉంటుంది. మనవాడు భయపడి జి8కి, తన గూట్లోకే వెనక్కి పరిగెత్తాడు. తెల్ల శకటు డి5 గుర్రాన్ని కొడుతూ చెక్. నల్లమంత్రి ఆ శకటును కొట్టింది. తెల్లమంత్రి ఆ మంత్రిని కొట్టి మళ్ళీ చెక్. అడ్డం పెట్టడానికి నల్లవాడి దగ్గర ఒక్క శకటే ఉంది, ఇ6లో పెట్టాడు. దాన్నీ కొట్టింది, అక్కడే మేట్. పదెత్తులు.

ఇంజిన్ తెరిస్తే రాజు జి8కి వెళ్ళిన ఎత్తు పక్కన ఎర్రగా రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అక్కడ ఆగిపోండి. "ఇ6కి పోవాల్సింది, అంతే, మిగతా అంతా బాగానే ఆడిన" అనుకుని ఫోన్ జేబులో పెట్టుకోండి. పైకి జరిపితే కష్టాలు మొదలవుతాయి. రెండెత్తుల ముందు గుర్రంతో బంటును కొట్టడమే తప్పు, సి6లో ఉన్న గుర్రాన్ని ఎ5కి పంపి శకటును అడిగితే బాగుండేదని ఇంజిన్ అంటుంది. అదైనా ఫరవాలేదు, "ఎ5, ఎ5" అని రెండుసార్లు అనుకుంటే మర్చిపోతాం. అంతకంటే పైకి, నాలుగో ఎత్తు దగ్గరికి మాత్రం వెళ్ళకండి. అక్కడ ఇంజిన్ ఏ గుర్తూ పెట్టదు, ఎర్రదీ లేదు, పసుపుదీ లేదు. తెల్లగుర్రం జి5కి వచ్చిందంతే. కానీ నల్లవాడి ఆట మారిపోయింది అక్కడే. ఆ గుర్రం ఎటు చూస్తోంది, సి4 శకటు ఎటు చూస్తోంది అని ఒక్క క్షణం అడిగి ఉంటే, ఇద్దరి చూపూ ఎఫ్7 మీదే అనీ, దాన్ని కాసేది రాజు ఒక్కడే అనీ కనపడేది. అది అడగలేదు గనకే అయిదో ఎత్తులో "బంటు పోయింది, తిరిగి కొట్టాలి" అనే అలవాటు చెయ్యి కదిపింది. ఈ సంగతి ఒకసారి కళ్ళబడిందంటే ఈ ఒక్క ఆటకే పోదు. రాబోయే వంద ఆటల్లో అవతలివాడు ఎత్తు వేసిన ప్రతిసారీ "ఇది ఎటు చూస్తోంది?" అని మనసు గీకుతూనే ఉంటుంది. హాయిగా ఆడటం కుదరదు.

ఇంజిన్ చూపే అంకె గురించి కూడా చెప్పాలి. ప్లస్ 1 అంటే తెల్లవాడికి ఒక బంటు ఎక్కువున్నంత మేలు అని స్థూలంగా అర్థం. ప్లస్ 0.4కీ ప్లస్ 0.7కీ మధ్య ఉన్న తేడా గురించి గంటసేపు వాదించుకోండి. మన స్థాయిలో ఒక్కో ఆటలో ఆ అంకె ప్లస్ 6కి పోయి, మైనస్ 4కి దిగి, మళ్ళీ సున్నాకి వస్తుంది కాబట్టి, ఈ 0.3 ఎందుకూ కొరగాదు. అందుకే దాని మీద వాదిస్తే ఎవరికీ దెబ్బ తగలదు.

కచ్చితత్వం అని వెబ్‌సైట్లు శాతంలో చూపిస్తాయే, అది మాత్రం చాలా ఉపయోగకరం. అవతలివాడు తొమ్మిదో ఎత్తులో మంత్రిని పారేసుకుంటే, ఆ తర్వాత మీరు ఎలా ఆడినా 90 దాటుతుంది, ఎందుకంటే మంచి ఎత్తులు దారి పొడవునా పడి ఉంటాయి. హోరాహోరీగా సాగి నలభై ఎత్తులు ఇద్దరూ తలలు బద్దలు కొట్టుకున్న ఆటలో అదే మనిషికి 70 వస్తుంది. మొదటిది స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెట్టండి. రెండోదాన్ని, అంటే మీరు నిజంగా ఆలోచించిన ఆటను, డిలీట్ చేసెయ్యండి.

టోర్నీల్లో ఆట అయ్యాక ఇద్దరూ పక్కకెళ్ళి అదే ఆటను మళ్ళీ పేర్చుకుని మాట్లాడుకునే ఆచారం ఒకటుంది. పోస్ట్‌మార్టం అంటారు. మన పేటలో దీన్ని బొత్తిగా తప్పించుకోవడం కష్టం, చాయ్ ఇంకా రాకపోయి ఉండవచ్చు. అప్పుడు పాటించాల్సిన మొదటి మర్యాద: పావుల మీద ముందు మీ చెయ్యే పడాలి. అవతలివాడు నోరు తెరిచేలోపు మీరనుకున్న ఎత్తుల వరసని టకటకా ఆడి చూపించాలి, వాడి ఎత్తులు కూడా మీరే ఆడాలి, అవి చెత్త ఎత్తులై ఉండాలి. "ఇక్కడ నువ్వు గిట్ల పోతవ్, నేను గిట్ల కొడ్త, ఖతం." వాడు "అన్నా, నేను గట్లెందుకు పోత?" అంటే వినపడనట్టు ఉండాలి.

"ఇక్కడ మీకు ఏ ఎత్తు భయమేసింది?" అని మాత్రం అడక్కండి. అడిగితే వాడు నిజం చెబుతాడు. మీరు కలలో కూడా చూడని ఎత్తు ఒకటి చెప్పి, "అది ఆడి ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి అన్నా" అంటాడు. గొప్పవాళ్ళకే తప్పని బాధ ఇది. 2014లో సోచీ ప్రపంచ పోటీలో ఆరో ఆట. 26వ ఎత్తులో కార్ల్‌సన్ రాజును డి2లో పెట్టాడు, ఘోరమైన తప్పు. ఆనంద్ గుర్రంతో ఇ5 బంటును కొడితే ఆట దాదాపు చేతికొచ్చేది. ఆయన ముందే అనుకున్న పథకం ప్రకారం ఒక బంటును తోశాడు. ఆ ఆట ఓడిపోయాడు. తన ఆటలో తాను మునిగి ఉన్న మనిషికి అవతలివాడి తప్పు కనపడదని ప్రపంచంలో అందరికీ తెలిసిన రోజు అది. దీన్ని మనం వాడుకోవాల్సిన తీరు వేరు. "ఆనంద్‌కే కనపడలేదు, నాకేం కనపడుద్ది?" అనండి. ఏ ఆటకైనా సరిపోతుంది.

చుట్టూ చేరేవాళ్ళ సలహా తప్పకుండా తీసుకోవాలి. బోరబండలో బోర్డు పరిస్తే ఇద్దరు ఆడతారు, ఏడుగురు చూస్తారు. తెలుగులో ఇద్దరు, ఉర్దూలో ముగ్గురు, చేతులతో మిగిలినవాళ్ళు. "అరే భాయ్, ఘోడా నికాలో" అని ఒకరు, "మంత్రి ఎక్స్ఛేంజ్ చెయ్ తమ్మీ" అని ఒకరు. పోస్ట్‌మార్టంలో ఎవరి మాట నిజమో తేల్చుకోవడానికి గొంతును బట్టి పోవడమే మంచి పద్ధతి. ఎవరు గట్టిగా అంటే అది బెస్ట్ ఎత్తు. మూలన నిలబడి, ఎప్పుడూ ఏమీ అనకుండా, ఒక్కసారి వంగి ఒక బంటు మీద వేలు పెట్టి "ఇది కదిలాక ఈ గడి ఎవరు కాస్తారు?" అని అడిగే పెద్దాయన ఒకరుంటారు. ఆయనకు చాయ్ ఇప్పించి అవతలికి పంపించండి.

గెలిచిన ఆటను అసలు ముట్టుకోవద్దు. ఓడిన ఆటలో కనీసం ఓడామని తెలుసు. గెలిచిన ఆటను విప్పితే మనం మూడుసార్లు ఓడిపోయే స్థితిలోంచి బయటపడ్డామని తెలుస్తుంది, అదెంత నష్టం! అలాగే ఓటమి ఒప్పుకున్న చివరి స్థితిని మళ్ళీ బోర్డు మీద పేర్చకూడదు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్‌తో రెండో ఆటలో కాస్పరోవ్ ఓటమి ఒప్పుకుని లేచిపోయాడు. ఆ స్థితి నుంచి వరస చెక్‌లతో డ్రాకి దారి ఉందని విశ్లేషకులు తర్వాత చూపించారు. యంత్రానికి అలాంటి దారి కనపడకుండా ఉంటుందా అని నమ్మి ఆయన వెతకనే లేదు. ప్రపంచ ఛాంపియన్ పరిస్థితే అదైతే, సైట్-2 బస్సు వస్తోందని చెయ్యి కలిపి లేచిపోయిన మన ఆటల్లో ఎన్ని బతికున్నాయో! లెక్క తీయకపోవడమే మేలు.

ఇప్పుడు మన వర్గంలో అందరికీ ఇష్టమైన మందు దగ్గరికి వద్దాం: ఎండ్‌గేమ్‌లో ఓడండి, ఓపెనింగ్ కోర్సు కొనండి. ఏనుగు, బంటు ఒకవైపు, ఒంటి ఏనుగు మీవైపు. యాభై ఎత్తుల కష్టానికి ఫలితంగా తేలిగ్గా డ్రా చేసుకోగల స్థితి వచ్చింది. అది డ్రా అని ఫిలిడోర్ అనే ఫ్రెంచి సంగీతకారుడు 1777లోనే పుస్తకంలో వేసి చూపించాడు. మీ రాజు ఆ బంటుకు ఎదురుగా ఉండాలి. మీ ఏనుగును మీ వైపు నుంచి మూడో వరసలో అడ్డంగా నిలబెట్టాలి, అవతలి రాజు ఆ వరస దాటి రాలేడు. బంటు ఆ వరసలోకి అడుగుపెట్టిన మరుక్షణం మీ ఏనుగును బోర్డు అవతలి చివరకు పంపి వెనకనుంచి చెక్‌ల మీద చెక్‌లు ఇవ్వాలి. ముందుకు కదిలిన బంటు ఇక రాజుకు నీడ ఇవ్వదు, దాక్కునే చోటు ఉండదు. నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, ముసలితనం దాకా పనికొస్తుంది.

మనవాడు ఏం చేస్తాడు? ఏనుగును చివరి వరసలో కట్టేసుకుని చస్తాడు. ఇంటికొచ్చి ఇంజిన్‌లో మొదటి పది ఎత్తులు చూస్తాడు. సిసిలియన్‌లో ఆరో ఎత్తు 0.2 తక్కువ చూపిస్తుంది. "ఇదీ రోగం!" అని అందులోని నజ్‌డార్ఫ్ పద్ధతి మీద నలభై వీడియోలు మొదలుపెడతాడు. చాలా మంచిది. అవతలివాళ్ళెవరికీ నజ్‌డార్ఫ్ రాదు కాబట్టి ఆ ఎత్తులు బోర్డు మీద ఎప్పటికీ రావు, ఏనుగు ఎండ్‌గేములు మాత్రం వస్తూనే ఉంటాయి, ఇంకో కోర్సు కొనుక్కోవచ్చు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ తేల్చిన పద్నాలుగో ఆట కూడా ఓపెనింగ్‌లో పోలేదు. డ్రా అవుతుందని అందరూ అనుకుంటున్న ఎండ్‌గేమ్‌లో, 55వ ఎత్తుకి తెల్లపావులతో ఆడుతున్న ఛాంపియన్ డింగ్ ఏనుగును ఎఫ్2లో పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకున్నాడు, వెంటనే శకట్లు కూడా మార్చుకునేలా చేశాడు, మిగిలిన బంట్ల ఆటలో తెల్లవాడికి బతుకు లేదు. మన చెన్నై తెలుగు కుర్రాడు 18 ఏళ్ళకి జగజ్జేత అయ్యాడు. ఇది చూసి కూడా మనం ఓపెనింగ్ మీదే నమ్మకం ఉంచాలి. నమ్మకం అంటే అదే కదా.

ఫోన్‌లో ఆడేవాళ్ళకు రెండు ముక్కలు. లింగంపల్లి వైపు ఎంఎంటీఎస్ ఎక్కినవాళ్ళకు బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. పది నిమిషాల ఆట మొదలుపెట్టడానికి ఇంతకంటే చెడ్డ చోటు లేదు కాబట్టి అక్కడే మొదలుపెట్టండి. తలుపు దగ్గర ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోన్. దిగే తోపులాటలో బొటనవేలు జారి గుర్రం పక్క గడిలో పడుతుంది. ఆ ఒక్కటి నిజమైన ప్రమాదమే. దాని పేరు చెప్పుకుని మిగతా ఇరవై ఓటములనూ అందులో కలిపెయ్యండి: "ఫోన్ జారింది." ఇంటర్నెట్ ఆటలో ప్రతి ఎత్తుకీ ఎంత సమయం తీసుకున్నారో నమోదై ఉంటుంది. ఆ పేజీ తెరవకండి. సాయంత్రం తిరుగు బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడే సమయం ఒక ఆటను శుభ్రంగా తిరగేసుకోవడానికి చక్కగా సరిపోతుంది. కాబట్టి ఆ సమయంలో కొత్త ఆట మొదలుపెట్టండి. ఓడిన కోపంలో వెంటనే ఇంకోటి, దాని కోపంలో ఇంకోటి. బండి వచ్చేసరికి అయిదు ఆటలు ఆడి ఉంటారు, ఒక్కటీ గుర్తుండదు. నా పద్ధతికి ఇంతకంటే స్వచ్ఛమైన రూపం లేదు.

తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి, పిల్లలు నేర్చేసుకునే ప్రమాదం ఎక్కువ. పిల్లాడు టోర్నీ హాల్లోంచి తలొంచుకుని రాగానే "ఏమైంది?" అనండి, జవాబు కోసం ఆగకండి. స్కోర్‌షీట్ లాక్కుని, పార్కింగ్‌లో బండి మీద కూర్చునే ఎత్తులన్నీ ఫోన్‌లో ఎక్కించి, ఎర్రగుర్తు కనపడగానే "చూడు, చూడు, ఏం చేసినవో!" అనండి. నీళ్ళు తాగించడం, తినిపించడం, మర్నాడు వాడంతట వాడే బోర్డు ముందు కూర్చుని "ఇక్కడ నాకు ఈ ఎత్తు కనపడలేదు" అనేదాకా ఆగడం లాంటివి చెయ్యకండి. హంపికి శిక్షణ ఇచ్చింది వాళ్ళ నాన్న కోనేరు అశోక్. కూతురి ఆట కోసం అధ్యాపక ఉద్యోగమే వదులుకున్నారాయన. మనకు అంత అక్కర్లేదు, పార్కింగ్‌లో పది నిమిషాల అరుపుతో సరిపెట్టుకోవచ్చు.

రేటింగు విషయం కూడా ఆటకంటే ముందే చూడాలి. 2024 మార్చి నుంచి ఫిడే కనీస రేటింగు 1000 కాదు, 1400. పిల్లలకూ కొత్తవాళ్ళకూ లెక్కలో 40 అనే గుణకం వాడతారు. అంటే సమఉజ్జీ చేతిలో ఓడితే 20 పాయింట్లు పోతాయి, అదే సమఉజ్జీని వచ్చే వారం గెలిస్తే 20 తిరిగొస్తాయి. ఇలా ఊగే అంకెను చూసి ఆటను కొలవడం మొదలుపెడితే పిల్లాడు రెండు నెలల్లో తనకంటే తక్కువవాళ్ళతో ఆడటానికి భయపడతాడు, నాలుగో నెలకి ఆడటమే మానేస్తాడు. ట్యూషన్‌కి టైమ్ మిగులుతుంది.

మిగతా చిన్నాచితకా: కుర్చీ ఎత్తు, ఫంక్షన్ హాల్ బ్యాండు, ఎండ, అవతలివాడి దగ్గు, వాడు వేసుకున్న చొక్కా. ఆట తిరగేసేటప్పుడు ఇవన్నీ ఎత్తులకంటే ముందు ప్రస్తావించాలి. దగ్గు ఏ ఎత్తు దగ్గర వచ్చిందో మాత్రం గుర్తుండక్కర్లేదు.

చివరగా నోట్‌బుక్‌ల గురించి. మన పేటలోనే ఒకళ్ళిద్దరు రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్ పెట్టుకున్నారని విన్నాను. ఒక్కో ఆటకి ఒక్కో పేజీ. ఎడమవైపు ఎత్తులు, కుడివైపు తాము ఆ క్షణంలో అనుకున్నది, ఇంజిన్ తెరవకముందే, వంకర రాతలో. అడుగున ఒకే ఒక్క వాక్యం, ఈ ఆట ఎందుకు పోయిందో. ఇరవై ముప్ఫై పేజీలు నిండాక తిరగేస్తే అదే వాక్యం పదిసార్లు కనపడుతుందట: "అవతలివాడి చెక్‌లు చూడలేదు" అనో, "గెలుస్తున్నానని తొందరపడ్డాను" అనో. బోట్వినిక్ కూడా ఎవరి ఆటలను వాళ్ళు విశ్లేషించి అచ్చు వేయమనేవాడు, నలుగురూ తప్పులు పడతారని. మూడుసార్లు ప్రపంచ టైటిల్ గెలిచినవాడు గనక ఆయనకు చెల్లింది. మీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా అలాంటి నోట్‌బుక్ కనపడితే పాత పేపర్లవాడికి వేసెయ్యమని చెప్పండి. వినకపోతే ఆ మనిషితో ఆడటం మానుకోండి, నేను మానుకున్నాను.

ఇక్కడిదాకా చదివి, ఇందులో చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళు ఆదివారం పొద్దున పది దాటాక సైట్-3కి రండి. బోర్డు, గడియారం, చాయ్ అన్నీ నావే. నల్లపావులు మీరు తీసుకోండి, నా గుర్రం జి5కి వచ్చాక ఏమీ ఆలోచించకుండా డి5 బంటును గుర్రంతోనే కొట్టండి.